పాత తెరచాప పడవ: బిల్జ్‌లో నీళ్లు, పడక మీద తడి. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతపడవ:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఒక పాత తెరచాప పడవ తీసుకున్నాను. ఫైబర్‌గ్లాస్ బాడీ, 30 అడుగులు, 1970ల చివర్లో కట్టింది. లోపల డీజిల్ ఇంజిన్ ఉంది, మాస్ట్ (తెరచాప స్తంభం) డెక్‌లోంచి దూరి కిందకి దిగి కీల్ (పడవ అడుగున ఉండే వెన్నుదూలం) మీద నిలబడుతుంది. గాలికి చక్కగా వంగి నడుస్తుంది, ఆ నడక చూసే మనసు పడ్డాను, కాబట్టి "అమ్మేయండి" అన్న సలహా మాత్రం ఇవ్వొద్దని ముందే మనవి.

ఇబ్బందల్లా నీళ్లతోనే. బిల్జ్, అంటే పడవ లోపల అట్టడుగున నీరు చేరే చోటు, ఎప్పుడూ ఆరదు. ఆటోమేటిక్ పంపు మధ్యమధ్యలో తిరుగుతుంటే వినబడుతుంది, కానీ రోజుకి ఎంత నీరు వస్తోందో అంచనా లేదు. ఇది కాక వాన పడ్డప్పుడల్లా కుడివైపు పడక తడుస్తోంది. ఆ పైన సీలింగ్ లైనింగ్ మీద గోధుమ రంగు చారలున్నాయి, సరిగ్గా దాని పైన డెక్ మీద చూస్తే ఫిట్టింగే లేదు, నున్నగా ఉంది. పాత ఓనరు డెక్ మీద కనపడిన ప్రతి బోల్టు చుట్టూ సిలికాన్ పూసి ఉంచాడు. అది ఎండిపోయి అంచులు లేచి ఊడి వస్తోంది.

రెండూ ఒకే లీకా, వేరువేరా? పడవను నీళ్లలో ఉంచే వెతకొచ్చా, వెంటనే బయటికి తీయించాలా? ఏ సీలెంట్ వాడాలి? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే టెన్షన్ పెరుగుతోంది తప్ప పని మొదలవ్వట్లేదు.

గాలివాటం:

సీలెంట్ సంగతి చివర్లో చూద్దాం. ఆ ట్యూబు ఇప్పుడు చేతిలోకి తీసుకోకండి. నీరు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పూసిన సీలెంట్ లీకుని ఆపదు, నీరు దారి మార్చుకుని ఇంకోచోట తేలుతుంది, అప్పుడు వెతకడం రెండింతలు కష్టం. మీ పాత ఓనరు చేసింది అదే.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: అది ఉప్పు నీరా, మంచి నీరా. దీంతో సగం అనుమానాలు తీరిపోతాయి. ఉప్పు నీరైతే కింద వెతకాలి, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోటు, సీకాక్‌లు (పడవ ఒంటికి ఉన్న రంధ్రాలని మూసే వాల్వులు), చుక్కాని గొట్టం, కీల్ బోల్టులు, ఇంజిన్ చల్లబరిచే నీళ్ల పంపు. మంచి నీరైతే వాన నీరు అయ్యుండాలి, లేదంటే మీ తాగునీటి ట్యాంకో దాని గొట్టాలో. ట్యాంకుని అనుమానిస్తే ఒక చిన్న గుర్తు ఉంది, ఏ కుళాయీ తిప్పకుండానే ప్రెషర్ పంపు ఉండుండి ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుందంటే ఎక్కడో గొట్టంలోంచి కారుతున్నట్టే.

కానీ బిల్జ్‌లో నీళ్లు నోట్లో వేసుకుని చూడకండి. డీజిల్ ఉంటుంది, ఇంజిన్ కూలెంట్ కలిసి ఉండొచ్చు, అది విషం. బిల్జ్ మొత్తం స్పాంజితో తోడి, తుడిచి, పొడిగా ఆరబెట్టండి. తర్వాత కొత్తగా వచ్చిన నీటిని ఒక చుక్క శుభ్రమైన గాజు ముక్క మీద వేసి ఎండనివ్వండి. సముద్రపు నీరైతే గరుకుగా తెల్లటి పలుకులు మిగులుతాయి, వేలితో రాస్తే తెలుస్తుంది. వాన నీరైతే దాదాపు ఏమీ మిగలదు. చేపల తొట్టిలో ఉప్పు కొలిచే పరికరం దొరికితే ఇంకా తేలిక.

ఆరబెట్టాక బిల్జ్ పొడవునా అక్కడక్కడా అడ్డంగా టిష్యూ కాగితం ముక్కలు పరవండి. ఏది ముందు తడిస్తే నీరు ఆ పక్కనుంచి వస్తోందన్నమాట. ఈ పని ఒకసారి పడవ కట్టేసి ఉన్నప్పుడు, ఒకసారి ఇంజిన్ తిప్పుతూ, ఒకసారి తెరచాపతో వంగి నడుస్తున్నప్పుడు చేయాలి. మూడింటిలో మూడు రకాల జవాబులు రావొచ్చు. వంగినప్పుడు మాత్రమే వస్తుంటే డెక్కూ హల్లూ (పడవ ఒళ్లు) కలిసే అతుకుని అనుమానించాలి, ఎందుకంటే ఆ అతుకు మామూలుగా నీటికి పైన ఉంటుంది, వంగినప్పుడే మునుగుతుంది.

లంగరు:

నీళ్లలో ఉంచే వెతకొచ్చు, కానీ ముందు ఈ రెండు పనులు చేయండి, ఈరోజే.

ఒకటి, హల్‌కి ఉన్న ప్రతి రంధ్రం దగ్గరికీ వెళ్లి సీకాక్ తిప్పి చూడండి. మూసుకోవాలి, తెరుచుకోవాలి. బిగుసుకుపోయినదాన్ని బలవంతంగా తిప్పకండి, నీళ్లలో ఉండగా విరిగితే ఇక అంతే. దాన్ని పడవ బయటికి తీసినప్పుడు మార్చే జాబితాలో రాసుకోండి. లోహాన్ని ఒకచోట గీకి చూడండి, గులాబీ రంగు కనబడితే అది ఇత్తడి, అందులోంచి జింకు తినేయబడి మిగిలింది స్పాంజిలాంటి రాగి మాత్రమే. అలాంటివి వేలి ఒత్తిడికి కూడా విరుగుతాయి. కంచువి అయితే ఆ భయం చాలా తక్కువ.

రెండు, ప్రతి సీకాక్ పక్కనా దాని సైజుకి సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి తెరుచుకుంటే నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికి వస్తాయి. చిన్న పంపు మీద రాసి ఉండే సామర్థ్యం ఏ ఎత్తూ లేకుండా కొలిచింది, నీటిని పైకి ఎత్తేటప్పుడు అందులో సగం కూడా రాకపోవచ్చు. పైగా ఆ పంపు బ్యాటరీ ఉన్నంతసేపే.

పంపు ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్కపెట్టే చిన్న కౌంటర్లు దొరుకుతాయి, ఒకటి బిగించండి. లీకు పెరుగుతోందో తగ్గుతోందో అది చెబుతుంది.

పాతపడవ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. చెప్పినట్టే చేశాను. బిల్జ్‌లోది ఉప్పు నీరు, గాజు మీద తెల్లటి పొర గట్టిగా మిగిలింది. టిష్యూ కాగితాల్లో ఇంజిన్ వెనకున్నదే ముందు తడిసింది. టార్చి పట్టుకుని దూరి చూస్తే షాఫ్ట్ చుట్టూ ఉన్న పెద్ద నట్టు కింద చుక్కలు పడుతున్నాయి, ఇంజిన్ ఆపి ఉన్నా దాదాపు సెకనుకొకటి. ఆ నట్టూ దాని పక్కనున్న హోస్ క్లిప్పులూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పడక దగ్గరిది మంచి నీరే, వాన నీరు. అంటే రెండూ వేరువేరు. సీకాక్‌లు అన్నీ తిరుగుతున్నాయి, ఒక్క సింకు కిందది తప్ప.

ఆ నట్టు బిగిస్తే సరిపోతుందా?

గాలివాటం:

దాన్ని స్టఫింగ్ బాక్స్ అంటారు. సెకనుకి ఒక చుక్క చూడటానికి చిన్నగా ఉంటుంది కానీ రోజంతా కలిపితే నాలుగు లీటర్లు దాటుతుంది. మీ పంపు ఎందుకు తిరుగుతోందో అర్థమైంది కదా. మంచి విషయం ఏంటంటే పాత పడవల్లో బిల్జ్ తడికి ఇది అన్నిటికన్నా మామూలు కారణం, చేత్తో చేసుకోగలిగిన పని కూడా.

లోపల షాఫ్ట్ చుట్టూ మైనం పట్టించిన అవిసె నార పేనిన తాడు ఉంటుంది, దాన్నే ప్యాకింగ్ అంటారు, చదరంగా ఉంటుంది, ఉంగరాల్లా చుట్టి ఉంటుంది. పెద్ద నట్టు దాన్ని నొక్కి షాఫ్ట్‌కి ఆనిస్తుంది. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆ నీరే దాన్ని చల్లబరుస్తుంది. ఆగి ఉన్నప్పుడు చుక్క కూడా పడకూడదు. మీరు చేయాల్సింది: రెండు పానాలు తీసుకుని ముందు లాక్ నట్టు వదులు చేయండి, పెద్ద నట్టుని కొద్దికొద్దిగా, పావు చుట్టుకి మించకుండా బిగించండి, లాక్ నట్టు మళ్లీ బిగించండి. ఇంజిన్ గేరులో వేసి కాసేపు నడిపి, ఆపి, స్టఫింగ్ బాక్స్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఎక్కువ బిగించారు, వెంటనే వదులు చేయాలి, లేకపోతే ఆ తాడు మాడి గట్టిపడి షాఫ్ట్‌నే గాడి పడేలా కోస్తుంది. షాఫ్ట్‌కి గాడి పడ్డాక ఏ ప్యాకింగ్ పెట్టినా కారుతూనే ఉంటుంది. తిరుగుతున్న షాఫ్ట్ దగ్గర చెయ్యి పెట్టొద్దు, వదులు చొక్కా వేసుకోవద్దు, ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

బిగించినా ఆగకపోతే ప్యాకింగ్ మార్చాలి. పాతదాన్ని మొత్తం గీకి తీయాలి, పైన ఒక ఉంగరం వేసి మూసేయడం కాదు. షాఫ్ట్ మీదే చుట్టి, ఒక్కో ఉంగరం విడిగా కోసి, మామూలుగా మూడు, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు పడకుండా తిప్పి పెట్టాలి. ఒకే పొడుగు తాడు స్ప్రింగులా చుడితే నీరు ఆ చుట్టు వెంబడే బయటికి వస్తుంది.

మీరు రాసినదాంట్లో నన్ను నిజంగా భయపెట్టింది నట్టు కాదు, ఆ హోస్ క్లిప్పులు. స్టఫింగ్ బాక్స్‌ని హల్ గొట్టానికి కలిపేది ఒక రబ్బరు హోస్. అది చిరిగితే షాఫ్ట్ చుట్టూ ఉన్న రంధ్రం మొత్తం తెరుచుకుంటుంది. హోస్‌ని చేత్తో నొక్కి చూడండి, పగుళ్లున్నా, జిగటగా మెత్తబడినా, దాని వయసు ఎంతో తెలియకపోయినా, పడవ బయటికి తీసినప్పుడు తప్పకుండా మార్చండి. ఒక్కో చివర రెండేసి క్లిప్పులు ఉండాలి, స్క్రూతో సహా మొత్తం స్టెయిన్‌లెస్‌వి. పట్టీ స్టెయిన్‌లెస్ అయ్యి స్క్రూ మామూలు ఇనుముది ఉన్నవి చాలా వస్తాయి, అయస్కాంతం పెట్టి చూస్తే స్క్రూ టక్కున అంటుకుంటుంది.

నీలితెర:

పడక మీది వాన నీటి సంగతి నేను చెబుతా అన్నా, ఆ రకం లీకులతో బాగా కుస్తీ పట్టినవాణ్ణి.

చార ఉన్నచోట పైన ఫిట్టింగ్ లేదన్నారు. ఉండకపోవడమే మామూలు. ఈ పడవల డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి కట్టింది. దాని కింద మళ్లీ లైనింగ్ వేలాడుతుంది. ముందు భాగంలో ఒక స్టాంచన్ (డెక్ అంచున రక్షణ తీగని పట్టి ఉంచే నిలువు కడ్డీ) బోల్టు దగ్గర దిగిన నీరు ఆ పొరల సందులో వాలు ఎటుంటే అటు ప్రయాణం చేసి, ఎక్కడో లైనింగ్ అతుకు దొరికినచోట కిందపడుతుంది. మీటరు, రెండు మీటర్ల దూరం మామూలే. కాబట్టి చారనుంచి పైకి కాకుండా, ఎత్తుగా ఉన్న వైపుకి వెతకండి.

లైనింగ్ విప్పగలిగినంత విప్పేయండి. తర్వాత పైపుతో నీళ్లు పట్టడం చాలామంది చేస్తారు, చేస్తే కిందనుంచి పైకి, ఒక్కో ఫిట్టింగ్ మీద విడిగా, మిగతావాటిని మాస్కింగ్ టేపుతో మూసి, ఒక్కోచోట కనీసం పావుగంట ఓపిక పట్టి చేయాలి. లోపల ఒకరు టార్చితో ఉండాలి. బోల్టుల చుట్టూ టాల్కమ్ పౌడర్ చల్లితే సన్నటి తడి గీత కూడా స్పష్టంగా కనబడుతుంది. హోరున డెక్ మొత్తం తడిపేస్తే మాత్రం ఏమీ తేలదు.

నాకు అంతకన్నా నమ్మకమైనది గాలి పద్ధతి. హ్యాచ్‌లు, వెంటిలేటర్లు, సింకు సీకాక్‌లు, మాస్ట్ దూరే సందు అన్నీ మూసేయండి. లోపలికి దిగే ద్వారానికి అట్ట ముక్క టేపుతో అంటించి, అందులో రంధ్రం చేసి ఆకులు ఊదే బ్లోయరు గొట్టం దూర్చండి. లోపల గాలి ఒత్తిడి కొంచెం పెరిగితే చాలు, ఎక్కువ వద్దు. ఇప్పుడు డెక్ మీదికెళ్లి గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు ప్రతి బోల్టు మీదా, కిటికీ అంచుల మీదా, చైన్‌ప్లేట్ల (మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలు కట్టే లోహపు పట్టీలు) దగ్గరా చిలకరించండి. లీకున్నచోట బుడగలు పొంగుతాయి. చిన్న లీకైతే సన్నటి నురగ మెల్లగా పేరుకుంటుంది, పెద్దదైతే బుడగ ఉబ్బి పగులుతుంది. నీరు లోపల ఎక్కడ తేలిందన్న గొడవే ఉండదు, ఎక్కడ దూరుతుందో నేరుగా చూపిస్తుంది. గాలి లేని పొడి రోజు చూసుకుని, పాత సిలికాన్ గీకేసి చేయండి.

ఒక మాట. మీ మాస్ట్ కీల్ దాకా దిగుతుంది కాబట్టి వానకి బిల్జ్‌లో కొంచెం మంచి నీరు చేరుతుంది, తాళ్లు బయటికి వచ్చే సందుల్లోంచి మాస్ట్ లోపలి గుండా దిగే నీరది. దాన్ని పూర్తిగా ఆపలేం. దానికోసం తల బద్దలు కొట్టుకోకండి.

లంగరు:

బ్లోయర్ పద్ధతికి నా ఓటు కూడా.

పాతపడవ:

బుడగలు వచ్చాయి! నట్టు పావు చుట్టు బిగించాక చుక్కలు ఆగాయి, చెయ్యి పెడితే వెచ్చగా మాత్రమే ఉంది, హోస్ మాత్రం మార్చాల్సిందే. ఇక డెక్ మీద, కుడివైపు రెండు స్టాంచన్ల దగ్గర సన్నటి నురగ వచ్చింది, ఒక చైన్‌ప్లేట్ పక్కన మాత్రం బొటనవేలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి. ఆ చైన్‌ప్లేట్ లోపలివైపు తుప్పు రంగు చార ఉంది. స్టెయిన్‌లెస్‌కి తుప్పేంటని ఆశ్చర్యంగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మీద కొట్టుకుంటూ వెళ్తే అంతటా టకటకమంటోంది కానీ ఆ చైన్‌ప్లేట్ చుట్టూ జానెడు మేర డొల్లగా మొద్దుగా వినబడుతోంది. పాలీయురేథేన్ సీలెంట్ ఒక ట్యూబు కొని ఉంచాను, దాంతో మళ్లీ అంటిస్తే చాలా?

చెక్కపని:

ఇంతవరకూ చదువుతూ ఉన్నా, ఇక్కడ చెప్పక తప్పదు. చైన్‌ప్లేట్ విషయంలో లీకు ఆపడం రెండో పని, ఆ లోహం ఇంకా గట్టిగా ఉందో లేదో చూడటం మొదటిది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీద ఉండే సన్నటి పొర, ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ తగలాలి. డెక్‌లో దూరేచోట తడి నిలిచి గాలి ఆడకపోతే అక్కడ లోలోపల తినేస్తుంది. పైన మెరుస్తుంది, కింద మెరుస్తుంది, మధ్యలో రెండు అంగుళాలు పగిలి ఉంటుంది. మాస్ట్‌ని పక్కనుంచి పట్టి ఉంచే తీగలన్నీ దీనికే కట్టి ఉంటాయి, అది తెగితే మాస్ట్ పడిపోతుంది. చూసేదాకా గట్టి గాలిలో తెరచాప ఎత్తకండి, దయచేసి.

విప్పేటప్పుడు ఒక్కసారి ఒక్కటే. గాలి లేని రోజు, ఒడ్డున కట్టేసి ఉండగా. ముందు మాస్ట్ పైనుంచి వచ్చే హాల్‌యార్డ్ తాడుని ఆ వైపే ఇంకో బలమైన చోట కట్టి బిగించండి, తర్వాతే టర్న్‌బకిల్ (తీగని బిగించే మర) వదులు చేయండి. ఎన్ని చుట్లు తిప్పారో టేపు మీద రాసుకుంటే తిరిగి అంతే బిగించొచ్చు. బయటికి తీసి శుభ్రంగా తోమి భూతద్దంతో చూడండి, పగుళ్లు చూపించే రంగు స్ప్రే దొరికితే ఇంకా మంచిది. గుంటలు గానీ వెంట్రుక లాంటి గీత గానీ కనబడితే పాలిష్ చేసి పెట్టడం కాదు, కొత్తది చేయించాలి. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అదే వయసువి, అన్నీ విప్పి చూడాల్సిందే.

డొల్ల శబ్దం అంటే లోపల బాల్సా తడిసి కుళ్లింది. జానెడే కాబట్టి అదృష్టం. పై పొరని ఆ మేర కోసి తీసి, నల్లగా తడిగా ఉన్నదంతా, లేతరంగు పొడి చెక్క వచ్చేదాకా గీకేసి, ఆరబెట్టి, కొత్త బాల్సా పెట్టి ఎపాక్సీతో మూయాలి. డెక్ పైనుంచి చిన్న చిన్న రంధ్రాలు చేసి ఎపాక్సీ ఎక్కిస్తే అయిపోతుందని అంటారు, తడి చెక్కలోకి ఎపాక్సీ పోదు, ఆ దారి పట్టకండి. స్టాంచన్ బోల్టుల దగ్గర చెక్క ఇంకా పొడిగానే ఉంటే ఇంత పని లేదు: రంధ్రం పెద్దది చేసి, వంచిన మేకు డ్రిల్లుకి బిగించి పొరల మధ్య చెక్కని చుట్టూ అర అంగుళం తవ్వి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ బోల్టు రంధ్రం వేయాలి. ఇక ఎప్పుడైనా ఆ బోల్టు కారినా నీరు చెక్కని ముట్టుకోలేదు. ఈ ఒక్క పని చేయని డెక్కులే ఇన్ని కుళ్లిపోతున్నాయి.

సీలెంట్: ఆ పాలీయురేథేన్, ముఖ్యంగా 3ఎం 5200 లాంటిదైతే, పక్కన పెట్టండి. ఎప్పటికీ ఊడదీయని అతుకులకి అది. డెక్ ఫిట్టింగ్‌ని అలా అంటిస్తే మళ్లీ విప్పేటప్పుడు జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పూత) పొర కూడా పెచ్చులుగా ఊడి వస్తుంది. డెక్ ఫిట్టింగులకి నేను బ్యూటైల్ టేప్ (గట్టిపడకుండా మెత్తగా ఉండే జిగట రబ్బరు పట్టీ) తప్ప ఇంకోటి వాడను.

గాలివాటం:

బ్యూటైల్‌కి నేనూ వ్యతిరేకం కాదు గానీ, అన్నిచోట్లా అదే అంటే ఒప్పుకోను. నీటి మట్టం కింద వద్దు, డీజిల్ నింపే మూత దగ్గర వద్దు, ఇంధనం తగిలితే కరిగిపోతుంది. అలాంటి డెక్ ఫిట్టింగులకి పాలీసల్ఫైడ్ రకం సీలెంట్ బాగుంటుంది. అయితే పాలీసల్ఫైడ్ యాక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలకి తగలకూడదు, ప్లాస్టిక్ పెళుసెక్కి పగుళ్లిస్తుంది. కిటికీలకి వాటికోసం చేసిన సీలెంటే.

చెక్కపని:

నిజమే, అది చెప్పాల్సింది.

పాతపడవ గారూ, బ్యూటైల్ పెట్టే తీరు కూడా రాస్తాను, ఇందులోనే చాలామందికి తేడా వస్తుంది. ముందు పాత సిలికాన్ ఆనవాలు లేకుండా పోవాలి. అసిటోన్‌తో తుడిస్తే పోదు, బ్లేడుతో గీకి, సాండ్ పేపర్‌తో రుద్దాలి, దాని జిడ్డు మిగిలినచోట ఇంకేదీ అంటదు. బోల్టు రంధ్రం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్టుతో ఏటవాలుగా చెక్కండి. బోల్టు తల కింద మెడ చుట్టూ బ్యూటైల్‌ని శంకువులా చుట్టండి, ఫిట్టింగ్ కింద కూడా ఒక పొర పరవండి. బిగించినప్పుడు అది ఆ ఏటవాలులో కూరుకుపోయి బోల్టు మరల్లోకి దిగుతుంది. బిగించేది లోపలినుంచి నట్టుని మాత్రమే, పైన బోల్టు తల తిరగకుండా ఒకరు పట్టుకోవాలి, తిరిగితే చుట్టిన బ్యూటైల్ తెగుతుంది. ఒకేసారి గట్టిగా బిగించకండి. అంచుల్లోంచి కొద్దిగా బయటికి వచ్చేదాకా తిప్పి వదిలేసి, మర్నాడు ఇంకొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం, బయటికి రావడం ఆగేదాకా. చలిగా ఉంటే బ్యూటైల్ మెల్లగా కదులుతుంది, ఇంకో రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి. నట్టు కింద చిన్న వాషర్ కాకుండా వెడల్పాటి లోహపు పట్టీ వేయండి, స్టాంచన్ పట్టుకుని ఎవరైనా ఊగినప్పుడు డెక్ వంగకుండా ఉంటుంది, డెక్ వంగినప్పుడే సీలు విడిపోతుంది.

పాతపడవ:

వివరంగా రాసినందుకు అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. పాలీయురేథేన్ ట్యూబు తెరవకుండానే పక్కన పెట్టేశాను. గాలి తగ్గగానే హాల్‌యార్డ్ కట్టి మొదటి చైన్‌ప్లేట్ విప్పుతాను, ఫొటోలు పెడతా. బయటికి తీయించినప్పుడు హోస్, క్లిప్పులు, సింకు కింది సీకాక్ మూడూ మార్పిస్తాను. ఒక్కటి అడగాలి, పని అయ్యాక లైనింగ్ వెంటనే బిగించేయొచ్చా? పడకల మీద సామాను పెట్టుకునే చోటు లేదు.

నీలితెర:

బిగించకండి అన్నా. ఒకసారి మళ్లీ బ్లోయరు పెట్టి సబ్బు నీళ్లతో చూడండి, తర్వాత ఒక పెద్ద వాన పడనివ్వండి, తెరచాపతో ఒకసారి బాగా వంచి నడిపి రండి. నడిచేటప్పుడు హల్ మెలిపడుతుంది, కట్టేసి ఉన్నప్పుడు కారని బోల్టు అప్పుడు కారొచ్చు. ప్రతి నట్టు చుట్టూ కొత్తగా పౌడర్ చల్లి ఉంచండి. అది చెదరకుండా పొడిగా ఉంటేనే లైనింగ్ ఎక్కించండి, అదీ మేకులతో కాకుండా స్క్రూలతో, మళ్లీ విప్పుకునేలా.